హారర్ సినిమాలో జాతి వివక్షను పట్టుకోవడం ఎలా?

ఇలాంటి సినిమా రెండుసార్లు చూడాలి. మొదటిసారి కాగితం, కలం పక్కన పెట్టి, భయపడాల్సిన చోట భయపడండి. రెండోసారి మాత్రం రక్తం కనిపించక ముందు నడిచే సన్నివేశాల మీదే ఎక్కువసేపు ఆగండి.

అమెరికన్ దర్శకుడు జోర్డన్ పీల్ 'గెట్ అవుట్' (2017)తో మొదలుపెట్టండి. (ముగింపుతో సహా చెబుతున్నాం, చూడనివాళ్లు చూసొచ్చాక చదవండి.) తెల్లమ్మాయి రోజ్, నల్లజాతి ప్రియుడు క్రిస్‌ను పుట్టింటికి తీసుకెళ్తుంటే దారిలో కారుకు జింక తగులుతుంది. కారు నడిపింది రోజ్. పోలీసు వచ్చి గుర్తింపు కార్డు అడిగింది క్రిస్‌ను. ఆమె గట్టిగా అడ్డుపడుతుంది. తొలిసారి అది ప్రేమలా అనిపిస్తుంది. రోజ్ కుటుంబం నల్లజాతివాళ్లను వలవేసి పట్టుకుంటుందన్న కథ తెలిశాక చూస్తే, క్రిస్ తనతో వచ్చాడన్న ఆనవాలు మిగలకుండా చేసినట్టు అర్థమవుతుంది.

తర్వాత రోజ్ పుట్టింట్లో విందు. ఇక్కడ కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఒకదాంట్లో అతిథి అన్న మాట, రెండోదాంట్లో ఆ క్షణాన క్రిస్ ముఖం. ఒకావిడ అతని కండలు తడిమి చూస్తుంది. ఇంకొకాయన గోల్ఫ్ మాట ఎత్తి నల్లజాతి ఆటగాడు టైగర్ వుడ్స్‌ను పొగుడుతాడు. ఎవరూ తిట్టరు. తిడితే ఎదురు చెప్పొచ్చు, పొగిడితే ఏం చేయాలి? క్రిస్ నవ్వి ఊరుకుంటాడు. అసలు భయం ఆ నవ్వులోనే ఉంది.

ఎవరి మాట నమ్ముతున్నారో కూడా రాసుకోండి. క్రిస్ కనిపించడం లేదని అతని స్నేహితుడు రాడ్ ఫిర్యాదు చేస్తే పోలీసులు పగలబడి నవ్వుతారు. రాడ్ మాట విన్న డిటెక్టివ్ నల్లజాతి మహిళే. కాబట్టి తెల్లవాళ్లు, నల్లవాళ్లు అని రెండు వరుసలుగా విడగొట్టేస్తే సగం సినిమా చేజారుతుంది.

చివర్లో పోలీసు లైట్లు వెలుగుతాయి. మామూలు హారర్‌లో అవి ఊరట. ఇక్కడ క్రిస్‌నే నేరస్థుడనుకుంటారేమోనని గుండె జారుతుంది. క్రిస్ అరెస్టయ్యే ముగింపు కూడా పీల్ చిత్రీకరించాడు, తర్వాత మార్చాడు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది దర్శకుడి ఉద్దేశం దగ్గర. జార్జ్ రొమెరో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' (1968)లో బెన్ పాత్రను నల్లజాతి నటుడి కోసమని రాయలేదు. ఆడిషన్‌లో బాగా చేశాడని డ్యూయేన్ జోన్స్‌ను తీసుకున్నారు. అయినా రాత్రంతా ప్రాణం నిలుపుకున్న బెన్‌ను పొద్దున్నే తుపాకుల గుంపు లేచి తిరిగే శవమనుకుని కాల్చేస్తుంది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన ఏడాదే విడుదలైన సినిమా అది. అందుకే విడుదలైన ఏడాదిని నోట్సులో మొదటి వరుసలోనే రాయండి.

ప్రతి వస్తువునూ సంకేతం చేయొద్దు. మీకు తోచిన అర్థానికి సినిమాలోనే మరో చోట ఆధారం దొరకకపోతే కొట్టేయండి.