పర్యావరణ ప్రభావ నివేదిక చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: వేరే దారి ఉందా?

ఏ ప్రాజెక్టుకు నివేదిక కావాలో తేల్చే స్క్రీనింగ్, అందులో ఏమేం పరిశీలించాలో ఖరారు చేసే స్కోపింగ్ గత రెండు పాఠాల్లో చూశాం. ఇప్పుడు నివేదిక చేతికొచ్చింది. వందల పేజీలుంటుంది. మొదటి పేజీ నుంచి చదవకండి. నేరుగా ప్రత్యామ్నాయాల అధ్యాయం తెరవండి.

దుమ్ము ఎంత లేస్తుంది, చెట్లు ఎన్ని పోతాయి లాంటి లెక్కలన్నీ ఎంచుకున్న చోటు గురించే. అసలు ఆ చోటే ఎందుకన్నది తేలాల్సింది ఈ అధ్యాయంలోనే. ప్రాజెక్టు కట్టకముందే పర్యావరణంపై దాని ప్రభావాన్ని అంచనా వేసే ఈ మదింపు పద్ధతికి నాంది 1970 జనవరి 1న అమెరికాలో సంతకమైన జాతీయ పర్యావరణ విధాన చట్టం. దాని అమలుకు 1978లో వచ్చిన నిబంధనలు ప్రత్యామ్నాయాల భాగాన్ని నివేదికకు గుండెకాయ అన్నాయి. యూరోపియన్ యూనియన్‌లోనూ ఏ ప్రత్యామ్నాయాలు చూశారో, ఒకదాన్నే ఎందుకు ఎంచుకున్నారో ప్రాజెక్టు కట్టేవారు రాయాలి. భారత్‌లో ఈ మదింపుపై కేంద్రం 2006లో తెచ్చిన నోటిఫికేషన్ ఇచ్చిన నివేదిక నమూనాలో ప్రభావాలు నాలుగో అధ్యాయం, ప్రత్యామ్నాయాలు ఐదోది. అదీ స్కోపింగ్‌లో అవసరమని తేలితేనే. నష్టాలన్నీ లెక్కగట్టాక వేరే చోటు గురించి మాట్లాడే ఈ వరుస నాకు తప్పనిపిస్తుంది.

ఒక ఊహా నివేదిక తీసుకుందాం. చిత్తడి నేల మీదుగా రోడ్డు వేయాలి. మూడు దారులు చూపించారు: ఒకటి చిత్తడి నేల మధ్య నుంచి, రెండోది రెట్టింపు దూరం తిరిగి, మూడోది ఇళ్లను కూల్చుకుంటూ. మొదటిదే మేలని తేల్చారు. ఇక్కడే ఆగండి. మిగతా రెండూ ఓడిపోవడానికే నిలబెట్టినట్టు లేవూ? చిత్తడి నేల అంచు వెంట దారి కుదరదా? ఉన్న రోడ్డునే వెడల్పు చేస్తే? రైలు మార్గం సరిపోదా? వీటి ప్రస్తావనే లేకపోతే పెన్సిల్‌తో పక్కన రాసుకోండి. ప్రజాభిప్రాయ సేకరణలో మీరు అడగాల్సిన ప్రశ్న అదే.

తర్వాత పోలిక పట్టిక చూడండి. మూడు దారులనూ ఒకే కొలతతో కొలిచారా? మొదటి దారికి నిర్మాణ ఖర్చు మాత్రమే చూపి, మిగతావాటికి భూసేకరణ ఖర్చూ కలిపితే ఆ పోలిక చెల్లదు. పక్షుల సర్వే ఒక్క దారిలోనే చేసినా అంతే.

ప్రాజెక్టు అసలు కట్టకపోతే ఏమవుతుందన్నదీ ఒక ప్రత్యామ్నాయమే. చాలా నివేదికలు దీన్ని “అభివృద్ధి ఆగిపోతుంది” అని ఒక్క వాక్యంతో దాటేస్తాయి. అది విశ్లేషణ కాదు. రోడ్డు లేకపోతే వచ్చే పదేళ్లలో ట్రాఫిక్ ఎలా పెరుగుతుంది, ఆ చిత్తడి నేల దానంతటదే ఎండుతోందా, కోలుకుంటోందా అన్నవి అంకెలతో చెప్పాలి.

అభ్యాసం: ఏదైనా ఒక నివేదిక సంపాదించి, తిరస్కరించిన ప్రతి ప్రత్యామ్నాయానికీ వాళ్లు చెప్పిన కారణాన్ని ఒక్కో వాక్యంలో రాయండి. ఆ కారణానికి ఆధారం నివేదికలో ఏ పేజీలో ఉందో పక్కన వేయండి. పేజీ దొరకనివాటి కింద గీత గీయండి. వచ్చే పాఠంలో ఆ కాగితం పక్కన పెట్టుకునే ప్రస్తుత స్థితి వివరాలు చదువుదాం: నీరు, గాలి నమూనాలు ఏ నెలల్లో తీశారు, ఎక్కడ తీశారు అన్నవి.