పిల్లికి లంఖణం పనికిరాదు: కడుపు చెడినప్పుడు ఇంట్లో ఏం చేయాలి

మనిషికి కడుపు చెడితే ఇంట్లో పెద్దవాళ్లు మొదట చెప్పేది ‘లంఖణం పరమౌషధం’ అని. ఒక పూట పస్తుంటాం, వాము నములుతాం, అప్పటికీ తగ్గకపోతే మెడికల్ షాపులో ఒక బిళ్ళ తెచ్చి వేసుకుంటాం. పిల్లి దగ్గర ఈ వైద్యం మొత్తం తిరగబడుతుంది. రెండు మూడు రోజులు వరసగా తిండి ముట్టకపోతే పిల్లి ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుపోతుంది. బొద్దుగా ఉన్న పిల్లికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. చెవుల లోపల, చిగుళ్ల మీద పసుపు కనబడిందంటే ఇక మీరు చూడాల్సింది బేదుల జబ్బును కాదు, కాలేయం జబ్బును. బిళ్ళల సంగతి మరీ ఘోరం. పారాసెటమాల్‌ను మన కాలేయం విరిచి బయటికి పంపే దారి పిల్లికి దాదాపు లేదు. డోలో, క్రోసిన్ లాంటివి ఒక్క బిళ్ళ పడినా రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది. చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, మొహం వాస్తుంది, ప్రాణం పోతుంది. నొప్పి బిళ్ళలు, మనుషులకు బేదులు కట్టించే బిళ్ళలు, ఆముదం, ఇంగువ నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ, ఇవేవీ వద్దు.

పాలు కూడా వద్దు. సామెతలో పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుంది గానీ, పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. బేదులు మొదలయ్యాక పాలు పోస్తే ఇంకా పెరుగుతాయి.

ముందు చూసుకోవాల్సినవి

పిల్లి కక్కిందని తెలియగానే గుడ్డతో తుడిచేయకుండా ఫోన్‌లో ఒక ఫోటో తీయండి. వెంట్రుకల చుట్ట, గడ్డి, అరగని తిండి ఒకసారి పడి పిల్లి మామూలుగా తిరుగుతుంటే కంగారు అక్కర్లేదు. పసుపు నురగ ఖాళీ కడుపుది. ఎర్రటి చారలు గానీ ముదురు గోధుమ నలుసులు గానీ ఉంటే రక్తం. సేమ్యాలా తెల్లగా, పొడుగ్గా పడితే ఏలికపాములు.

ఒంట్లో నీళ్లు ఎంత తగ్గాయో చిగుళ్లు చెబుతాయి. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలోపు గులాబీ రంగుకు రావాలి, వేలికి తడి తగలాలి. జిగటగా, పొడిగా ఉంటే నీళ్లు తగ్గినట్టు. మెడ వెనక తోలు పట్టి వదిలి చూడటం చాలామందికి తెలిసిన పద్ధతే, కానీ అది మోసం చేస్తుంది. ముసలి పిల్లికి, బక్క పిల్లికి తోలు మామూలుగానే నెమ్మదిగా పడుతుంది. లావు పిల్లికి నీళ్లు తగ్గినా వెంటనే పడిపోతుంది. చిగురునే నమ్మండి.

బేదుల తీరు కూడా గమనించండి. రోజుకు రెండు మూడుసార్లే, కానీ ఎక్కువగా పోతుంటే తేడా చిన్నపేగులో ఉంది. మాటిమాటికీ వెళ్లి, ముక్కి, కొంచెం కొంచెంగా జిగురుతో పోతుంటే పెద్దపేగులో. మలం నల్లగా, జిడ్డుగా ఉంటే పైపేగుల్లో రక్తం కారుతోందని అర్థం.

మగపిల్లి ఇసుక తొట్టిలో కూర్చుని ముక్కుతుంటే ‘మోషన్ రావడం లేదు పాపం’ అనుకుని వదిలేస్తారు. ఇసుక తడిసిందో లేదో చూడండి. తడి లేకపోతే అది మూత్రం బిగదీసుకోవడం. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీసే సంగతి, రాత్రి అని కూడా చూడకుండా తీసుకెళ్లాలి.

ఇంట్లో ఉంచకూడనివి

ఆరు నెలల లోపు పిల్ల, రోజులో మూడుసార్లకు మించి వాంతులు, తాగిన నీళ్లు కూడా నిలవకపోవడం, రక్తం, 24 గంటలుగా ఏమీ తినకపోవడం, పాలిపోయిన లేదా పసుపు చిగుళ్లు, ఉబ్బిన పొట్ట, మూలకు చేరి కదలకపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంటి వైద్యం ఆపేయండి.

దారం మింగిన పిల్లి సంగతి విడిగా చెప్పాలి. మూరల లెక్కన కొన్న మల్లెలు, కనకాంబరాలు వాడిపోయాక దండ ఏ మూలో పడేస్తాం. సంక్రాంతి తర్వాత మిద్దె మీద మాంజా ముక్కలు మిగులుతాయి. పిల్లి నాలుక మీద ముళ్లు లోపలికి తిరిగి ఉంటాయి కాబట్టి నోట్లోకి పోయిన దారం వెనక్కి రాదు. ఒక కొస నాలుక కింద చిక్కుకుని మిగతాది పేగుల్లోకి దిగితే, పేగు ముడతలు పడి దారం మీదికి ఎక్కుతుంది. అలాంటప్పుడు నోట్లోనో, వెనకనో వేలాడే దారాన్ని లాగితే పేగు కోసుకుపోతుంది. లాగొద్దు, కత్తిరించొద్దు, అలాగే తీసుకెళ్లండి. ఎలుకల మందు, ఆ మందు తిన్న ఎలుక, విత్తనం చెనిక్కాయలకు పట్టించిన మందు, వీటి మీద అనుమానం ఉన్నా అంతే. మందు డబ్బా దొరికితే అదీ వెంట పట్టుకెళ్లండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయొద్దు.

ఇవేవీ లేకుండా, పెద్ద పిల్లి ఒకటి రెండుసార్లు కక్కో, పల్చగా పోయో, కళ్లలో చురుకు తగ్గకుండా ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు.

నీళ్లు

వాంతి అయ్యాక అరగంట ఆగి ఒక చెంచా, అంటే 5 మి.లీ. నీళ్లు గిన్నెలో పెట్టండి. ఇరవై నిమిషాలకొకసారి అంతే. గిన్నె నిండా పెడితే దాహానికి గబగబా తాగి మళ్లీ కక్కేస్తుంది. రెండు మూడు గంటలు నిలిస్తే మామూలుగా తాగనివ్వండి. తిండిలో ఉండేదీ కలిపి, నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 నుంచి 240 మి.లీ. నీళ్లు కావాలి. బేదులవుతుంటే ఇంకా ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటే ఎండల్లో ఆ లోటు తొందరగా ముదురుతుంది కాబట్టి పిల్లిని మిద్దె మీదికి పోనివ్వకుండా చల్లటి గదిలో ఉంచండి.

ఓఆర్ఎస్ ఇవ్వాలనుకుంటే రుచీ రంగూ లేనిదే తీసుకుని, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో కలిపి, చెంచాల లెక్కన పెట్టండి. 24 గంటలయ్యాక మిగిలింది పారబోయాలి. చాలా పిల్లులు దాన్ని మూతి పెట్టి చూసి వెళ్లిపోతాయి, వాటిని బలవంతపెట్టొద్దు. సిరంజీతో పట్టాల్సి వస్తే సూది తీసేసి, కోరపన్ను వెనక సందులోంచి ఒకసారికి అర నుంచి ఒక మి.లీ. వదిలి, మింగాక మళ్లీ. తల పైకెత్తితే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మత్తుగా పడి ఉన్న పిల్లికి అసలు పట్టొద్దు.

తిండి

బేదులు మాత్రమే ఉంటే ఒక్క పూట కూడా మాన్పించక్కర్లేదు. వాంతులుంటే నాలుగు నుంచి ఆరు గంటలు ఆపితే చాలు. పిల్లలకు అదీ వద్దు.

తోలు, ఎముక లేని చికెన్ బ్రెస్ట్ 150 గ్రాములు తీసుకుని, రెండు గ్లాసుల నీళ్లలో ఇరవై నిమిషాలు ఉడికించండి. ఉప్పు, కారం, నూనె, అల్లం తెల్లగడ్డ ఏవీ పడకూడదు. ఎర్రగడ్డ, తెల్లగడ్డ పిల్లి రక్తకణాలను పగలగొడతాయి. ఇంటికి వండిన కోడికూరలో ముక్క తీసి కడిగి పెట్టినా పులుసులో ఊరింది పోదు. ఉడికిన ముక్కను పీచులుగా చీల్చి, ఒక పెద్ద చెంచాడు గోరువెచ్చగా పెట్టండి. చల్లారితే వాసన తగ్గి పిల్లి ముట్టదు. ఉడికించిన నీళ్లు రెండు చెంచాలు దాని మీద పోస్తే కొంత నీరు కూడా లోపలికి పోతుంది. మెత్తటి అన్నం కలపాలనుకుంటే మూడు వంతుల చికెన్‌కు ఒక వంతు మించొద్దు, కలపకపోయినా నష్టం లేదు. పిల్లి మాంసాహారి, సంగటి పెట్టి కడుపు చల్లబరిచే జంతువు కాదు.

మూడు నాలుగు గంటలకొకసారి, మొదటి రోజు మొత్తం 50 నుంచి 60 గ్రాములు. నిలిస్తే రెండో రోజు 100 నుంచి 120 గ్రాములు. అరగంటలో తినకపోతే గిన్నె తీసేయండి, ఎండాకాలంలో మాంసం చెడటానికి ఎంతోసేపు పట్టదు. వట్టి చికెన్‌లో కాల్షియం లాంటివి చాలవు కాబట్టి మూడు నాలుగు రోజులకు మించి అదే పెట్టొద్దు. మలం గట్టిపడ్డాక పాత తిండిని పావు వంతు, సగం, ముప్పావు చొప్పున వారం రోజుల్లో కలుపుతూ మార్చండి. ఒకేసారి మార్చడం వల్లే చాలా పిల్లులకు రెండోసారి తిరగబెడుతుంది.

శుభ్రం

బేదులైన చోట ఫినాయిల్ పోయడం మనకు అలవాటు. పిల్లి కాళ్లు నాక్కుంటుంది, ఫినాల్ రకం రసాయనాలను దాని కాలేయం విరవలేదు. సబ్బునీళ్లతో కడిగి ఆరబెడితే సరిపోతుంది. టీకాలు వేయని పిల్లకు వాంతులు, బేదులు, జ్వరం కలిసి వస్తే పాన్‌ల్యూకోపీనియా అనే పిల్లుల వైరస్ జబ్బు కావచ్చు. ఆ వైరస్ ఇంట్లో ఏడాది వరకు బతుకుతుంది. అప్పుడు సబ్బుతో కడిగిన తర్వాత లీటరు నీళ్లలో 30 మి.లీ. బ్లీచ్ కలిపి పది నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో కడిగి, ఆరాకే పిల్లిని వదలండి. బ్లీచ్‌ను ఫినాయిల్‌తో గానీ యాసిడ్‌తో గానీ కలపకూడదు.

డాక్టర్ దగ్గరికి

కడప జిల్లావాళ్లకు ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. మిగతా చోట్ల ప్రభుత్వ పశువైద్యశాలల్లో గేదెలు, గొర్రెలే ఎక్కువ వస్తాయి కాబట్టి పిల్లిని చూస్తారో లేదో, ఏ వేళకు రావాలో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. గోనెసంచిలో కట్టి తీసుకెళ్లొద్దు, ఎండకు ఊపిరాడదు. గాలి తగిలే మూత బుట్ట కావాలి. వాంతి ఫోటో, చిన్న డబ్బాలో తాజా మలం, చివరిగా కడుపులో పురుగులకు మందు, టీకా వేసిన తేదీలు, పిల్లి బరువు తీసుకెళ్లండి. బరువుకు మీరు పిల్లిని ఎత్తుకుని తూకం మీద నిలబడి, తర్వాత ఒక్కరే నిలబడి తీసివేస్తే చాలు. మందు మోతాదు ఆ అంకెను బట్టే రాస్తారు. పురుగుల మందు కూడా అంతే, పక్కింటి కుక్కకు మిగిలిన బిళ్ళ సగం విరిచి వేయొద్దు.