పిల్లి కంట్లో పుసి: చుక్కల మందు వేసే ముందు చూడాల్సినవి

ఇంట్లో ఎవరికో కళ్లకలక వచ్చి తగ్గాక ఫ్రిజ్‌ తలుపులో ఒక సీసా మిగిలిపోతుంది. పిల్లి కన్ను కారగానే చెయ్యి దాని మీదికే పోతుంది. నాదీ పోయింది. ఆ సీసా అక్కడే ఉంచి, ముందు పిల్లి ముఖం చూడండి.

పొద్దున్నే మూలలో గోధుమరంగు పుసి, కన్ను మాత్రం మామూలుగా తెరిచే ఉంది

ఎండిన కన్నీరే, జబ్బు కాదు. పర్షియన్ లాంటి చప్పిడి ముక్కు పిల్లులకు కన్నీరు దిగే దారి నొక్కుకుపోయి ఉంటుంది, రోజూ కారుతూనే ఉంటుంది. కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి, పిండి, అర నిమిషం అద్ది ఉంచితే పుసి నానుతుంది. అప్పుడు ముక్కు వైపు నుంచి బయటికి తుడవండి. ఏ కంటి దూది ఆ కంటికే.

రెండు కళ్లలోనూ నీరు, తుమ్ములు కూడా లేవు

సాంబ్రాణి పొగ, దోమల చుట్ట, దుమ్ము లేచే లిట్టర్ (పిల్లి దొడ్డికి వెళ్లే పెట్టెలో వేసే ఇసుక). ఒక్కొక్కటీ ఆపి చూడండి.

కళ్లు కారుతూ తుమ్ములు, పుసి పసుపుపచ్చగా

పిల్లుల జలుబు. ఎక్కువగా హెర్పిస్ వైరస్ పని. మనుషులకు అంటేది కాదు గానీ పక్క పిల్లికి అంటుతుంది, కాబట్టి వేరే గదిలో పెట్టండి. తగ్గినా ఒంట్లోనే దాగి ఉండి, ఇల్లు మారినా, ఇంట్లోకి కొత్త పిల్లి వచ్చినా మళ్లీ లేస్తుంది. ముక్కు మూసుకుపోతే వాసన తెలియక తిండి మానేస్తుంది. దాని తిండి కాస్త గోరువెచ్చగా పెట్టండి. ఒక రోజంతా ముట్టకపోతే డాక్టరు దగ్గరికే.

తుమ్ములు తక్కువగా ఉండి, రెప్ప లోపలి పొర ఎర్రగా ఉబ్బితే క్లమీడియా అనే బ్యాక్టీరియా కావచ్చు. దానికి చుక్కలు చాలవు, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ దాదాపు 4 వారాలు నోటి ద్వారా ఇస్తారు. మాత్ర వేశాక సిరంజితో కాసిని నీళ్లు తాగించాల్సిందే. గొంతులో ఇరుక్కుంటే అన్నవాహిక పుండు పడుతుంది.

ఒక్క కన్నే మూసుకుంది, వెలుతురు చూస్తే ముడుచుకుంటోంది

ఇది నొప్పి. కొట్లాటలో గోరు గీసుకుని ఉండొచ్చు, నలక పడి ఉండొచ్చు. ఆ రోజే చూపించండి. డాక్టరు నారింజరంగు కాగితపు పట్టీ తాకించి నీలి దీపం వేస్తే గీత ఆకుపచ్చగా మెరుస్తుంది. ఫ్రిజ్‌లోని సీసా ప్రమాదమంతా ఇక్కడే: లేబుల్ మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. పుండు ఉన్న కంట్లో పడితే నల్లగుడ్డుకు చిల్లు పడేదాకా పోవచ్చు. నందివర్ధనం రసం, తేనె, చనుబాలూ వద్దు.

10 రోజుల పిల్లకూన, మూసిన రెప్ప కింద ఉబ్బు

లోపల చీము. మీరు రెప్ప విప్పొద్దు, వెంటనే తీసుకెళ్లండి.

మందు రాసిచ్చారు, వేయనివ్వట్లేదు

ఎదురుగా వెళ్తే పంజా పడుతుంది. తువ్వాలులో మెడదాకా చుట్టి, వెనక కూర్చుని, గడ్డం ఎత్తి పైనుంచి ఒక్క చుక్క. సీసా మూతి కంటికి తగలకూడదు. రెండో మందుకు 5 నిమిషాలు ఆగండి. మా దానికి తువ్వాలు చూడగానే మంచం కిందే మకాం. అందుకే ఎండుచేప ముక్క ముందే చేతిలో పెట్టుకుంటాను.