విదేశంలో ఇల్లు కొంటున్నారా, అద్దెకి తీసుకుంటున్నారా? డబ్బు కదలకముందే చూసుకోవాల్సినవి

ఈ నెల మొదట్లో సోంపేట వైపు నుంచి ఇద్దరు అన్నదమ్ములు ప్లాస్టిక్ కవరు నిండా కాగితాలతో మా ఆఫీసుకి వచ్చారు. శ్రీకాకుళంలో ఇన్‌కం టాక్స్ రిటర్నులు వేసే పని నాది. బయటి దేశాల్లో డబ్బు ఇరుక్కున్నవాళ్లు అన్ని తలుపులూ తట్టి చివరికి మా దగ్గరికి వస్తారు. అప్పటికి మేం చేయగలిగింది చాలా తక్కువ ఉంటుంది.

దుబాయ్‌లో వెల్డింగు, ఫిట్టింగు పనులు చేసే ఊరివాళ్లు కొందరు తలా కొంత వేసుకుని ఒక పెద్ద ఫ్లాటు అద్దెకి తీసుకున్నారట. గదుల మధ్య చెక్కలు కొట్టించి, కొత్తగా వచ్చే కుర్రాళ్లకి మంచానికి ఇంత అని ఇచ్చేవారు. కొన్నాళ్లు డబ్బు బాగానే వచ్చింది. 2025 జూన్‌లో దుబాయ్ మున్సిపాలిటీ అనుమతి లేని పార్టిషన్ల మీద తనిఖీలు ముమ్మరం చేసింది. ఆ తర్వాత వీళ్ల ఓనరూ ఖాళీ చేయమన్నాడు. కాంట్రాక్టు ఒక్కడి పేరు మీదే ఉంది. అతను డిపాజిట్ వెనక్కి తీసుకుని వేరే దేశానికి పనికి వెళ్లిపోయాడు. కవరులో రంగు వెలిసి తెల్లకాగితాల్లా మారిన ఏటీఎం స్లిప్పులు ఉన్నాయి. స్కూలు నోటుపుస్తకంలోంచి చించిన పేజీ మీద ఎవరెంత వేశారో లెక్క, కింద అందరి సంతకాలు ఉన్నాయి. ఓనర్ సంతకం ఎక్కడా లేదు. అద్దె కాంట్రాక్టు కాపీ అసలు లేనే లేదు.

సంక్రాంతికి గల్ఫ్ నుంచి, సింగపూర్ నుంచి, ఓడల మీద నుంచి మనవాళ్లు సెలవులకి వస్తారు. చేతిలో డబ్బుంటుంది. సరిగ్గా అప్పుడే ఏజెంట్లూ ఊళ్లలోకి దిగుతారు. దుబాయ్ ఫ్లాటు, జార్జియా ఫ్లాటు, బాలి విల్లా, థాయ్‌లాండ్ కాండో అంటారు, నెలనెలా అద్దె ఖాతాలో పడుతుందంటారు. ఆ దేశాల్లో ఆస్తి కొనడం తప్పని నేను అనను. పద్ధతిగా కొని హాయిగా అద్దె తీసుకుంటున్నవాళ్ల రిటర్నులు కూడా నేనే వేస్తున్నాను. మోసగాళ్లుంటారు, ఆశపడకండి లాంటి మాటలు మీకు తెలిసినవే, అవి వదిలేస్తాను. మునిగినవాళ్లలో ఎక్కువమంది దగ్గర నేను చూసిన తప్పు ఒక్కటే. డబ్బు వాళ్లది, కాగితం మీద పేరు ఇంకొకరిది.

మీ పేరు లేని కాగితానికి మీ డబ్బు కట్టకండి. ఈ మాట కిందా మళ్లీ చెబుతాను.

అద్దెకి తీసుకునేవాళ్లకి

దుబాయ్‌లో అద్దె కాంట్రాక్టుని ఎజారీ అనే ప్రభుత్వ వ్యవస్థలో రిజిస్టర్ చేయించాలి. 2007 నాటి 26వ నంబరు చట్టం ప్రకారం ఓనర్ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా అద్దెదారు ఇంకొకరికి అద్దెకివ్వకూడదు. ఇస్తే ఓనర్ ఇద్దరినీ ఖాళీ చేయించవచ్చు. కాబట్టి గది చూపించినతను మన జిల్లావాడా, మన భాషవాడా అన్నది తర్వాత చూడండి. ముందు ఎజారీ కాపీ అడగండి. అందులో పేరు, అతని ఎమిరేట్స్ ఐడీలో (అక్కడి గుర్తింపు కార్డులో) పేరు ఒకటేనా చూడండి. ఇంకొకరికి ఇవ్వడానికి ఓనర్ అనుమతి కాగితం అడగండి. ఆ రెండూ చూపించలేకపోతే డిపాజిట్ ఇవ్వకండి. కుర్రాళ్లకి ఇది చాదస్తంలా అనిపిస్తుంది, "అందరూ ఇలాగే ఉంటున్నారు కదా సార్" అంటారు. నిజమే, ఖాళీ చేయమనే రోజు దాకా అందరూ ఇలాగే ఉంటారు.

నలుగురు కలిసి తీసుకుంటే నలుగురి పేర్లూ కాంట్రాక్టులో రాయించండి. కుదరదంటే మీ వాటా అక్కడ పెట్టుబడి కాదు, ఆ ఒక్కడికి ఇచ్చిన చేబదులు.

కొనేవాళ్లకి

రాజాంలోనో బొబ్బిలిలోనో ఐదు సెంట్ల స్థలం కొనాలంటే మనం ఏం చేస్తాం? ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు తిరగేస్తాం, సరిహద్దులు కొలిపిస్తాం, పక్క స్థలం ఆయన్ని కూడా ఒక మాట అడుగుతాం. అదే మనిషి సముద్రం అవతల ముప్ఫై లక్షల ఆస్తిని ఫోన్‌లో వీడియో చూసి కొంటాడు. ఆ దేశపు రిజిస్ట్రార్ ఆఫీసు పేరేమిటని అడిగితే చెప్పలేడు.

చీపురుపల్లి దగ్గర రిటైరైన టీచరు దంపతులు బాలిలో విల్లా "కొన్నారు". అగ్రిమెంటు పేజీ పేజీకీ మాస్టారి సంతకం ఉంది. చివర భూమి పత్రం కాపీ ఉంది. దాని మీద మాత్రం వాళ్లు ఎన్నడూ చూడని ఒక ఇండోనేషియా మనిషి పేరుంది. అక్కడ పూర్తి యాజమాన్య హక్కుని హక్ మిలిక్ అంటారు, అది ఆ దేశ పౌరులకే దక్కుతుంది. 1960 నాటి వాళ్ల భూమి చట్టం 26వ సెక్షన్ ఇంకా కఠినంగా ఉంటుంది. విదేశీయుడికి నేరుగా గానీ చాటుగా గానీ ఆ హక్కు దక్కేలా చేసే బదిలీ చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు తిరిగి అడగడానికి వీల్లేదు. అంటే అక్కడ బినామీ మంచివాడైనా మీరు నష్టపోవచ్చు. "ఇక్కడ అందరూ లోకల్ పేరు మీదే కొంటారండీ" అని ఏజెంటు అన్న మాట మీకు ధైర్యం ఇవ్వకూడదు, భయం పుట్టించాలి.

థాయ్‌లాండ్‌లో కూడా విదేశీయులు మామూలుగా భూమి కొనలేరు. కాండోలో, అంటే అపార్ట్‌మెంటులో, ఫ్లాటు మీ పేరు మీద కొనవచ్చు, అయితే ఒక ప్రాజెక్టులోని మొత్తం ఫ్లాట్ల విస్తీర్ణంలో 49 శాతం దాకే విదేశీయులకి. ఆ కోటా మిగిలి ఉందని బిల్డింగు నిర్వాహకుల నుంచి లేఖ తెప్పించుకోండి. డబ్బు విదేశీ కరెన్సీలోనే ఆ దేశంలోకి వచ్చిందన్న బ్యాంకు కాగితం లేకపోతే మీ పేరు మీద రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. లీజు ముప్ఫై ఏళ్లకే. "ముప్ఫై, ముప్ఫై, ముప్ఫై, మొత్తం తొంభై" అనే మాటలో మొదటి ముప్ఫైనే లెక్కలోకి తీసుకోండి. రోజువారీ అద్దెకి ఇచ్చుకోవచ్చనే మాట కూడా నమ్మకండి, ముప్ఫై రోజుల లోపు అద్దెలకి అక్కడ హోటళ్ల చట్టం అడ్డొస్తుంది.

వియత్నాంలో ఫ్లాటు హక్కు విదేశీయులకి యాభై ఏళ్లకి. ఒక బిల్డింగులో 30 శాతం ఫ్లాట్లు మించకూడదు.

జార్జియాలో ఫ్లాటు నేరుగా మీ పేరు మీద వస్తుంది, ఆ మేరకు నయం. వ్యవసాయ భూమి మాత్రం మామూలుగా విదేశీయులకి రాదు. అక్కడ చూసుకోవాల్సింది ఇంకొకటుంది. ఫ్లాట్లని బ్లాక్ ఫ్రేమ్, వైట్ ఫ్రేమ్ (గోడల పూత వరకు అయినది) అని అమ్ముతారు. బ్లాక్ ఫ్రేమ్ అంటే ఉత్త కాంక్రీటు గదులు. నేల మీద టైల్ ఉండదు, గోడకి పూత ఉండదు, బాత్రూంలో పైపు చివర్లు తేలి ఉంటాయి. బ్రోచర్లో ధర దానిది, ఫోటో మాత్రం సోఫాలు వేసిన గదిది. అద్దె వచ్చే స్థితికి తేవాలంటే ఎంతవుతుందో రాతలో అడగండి.

దుబాయ్‌లో విదేశీయులు ఫ్రీహోల్డ్‌గా (పూర్తి సొంత హక్కు దక్కేవిగా) ప్రకటించిన ప్రాంతాల్లో కొనవచ్చు. కడుతున్న ఫ్లాటు అయితే 2007 నాటి 8వ నంబరు చట్టం ప్రకారం కొనేవాళ్ల డబ్బు ఆ ప్రాజెక్టు పేరిట ఉన్న ఎస్క్రో ఖాతాలోకే (ఆ ప్రాజెక్టు పనికే వాడాల్సిన ప్రత్యేక ఖాతాలోకే) వెళ్లాలి. ఏజెంటు ఖాతాలోకి కాదు, అతని బావమరిది కంపెనీ ఖాతాలోకి అంతకన్నా కాదు. మీ పేరు మీద ఊకూద్, అంటే కడుతున్న ఫ్లాట్లకి చేసే రిజిస్ట్రేషన్, అయిందా చూడండి. దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంటు వాళ్ల దుబాయ్ రెస్ట్ యాప్‌లో ప్రాజెక్టు పని ఎంతవరకు వచ్చిందో మీరే చూసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ ఫీజు 4 శాతం, ఏటా సర్వీసు చార్జీ వేరే. ఈ రెండూ తీసేశాకే అద్దె లాభం లెక్క కట్టండి. గ్యారంటీ అద్దె అంటున్నారా? ఆ గ్యారంటీ ఎవరిస్తున్నారో చూడండి. బిల్డరే ఇస్తుంటే చాలాసార్లు అది ధరలో కలిపి మీ దగ్గరే తీసుకున్న డబ్బు.

అద్దె ఏ కరెన్సీలో వస్తుందన్నది కూడా చూడాలి. దిర్హమ్ 1997 నుంచి డాలరుకి 3.6725 దగ్గర కట్టి ఉంది కాబట్టి అక్కడ టెన్షన్ తక్కువ. 2024 మార్చిలో ఈజిప్టు పౌండు ఒక్కరోజులో డాలరుకి 31 నుంచి 50 దగ్గరికి పడిపోయింది. ఆ దేశంలో అద్దె టంచనుగా వచ్చినా రూపాయల్లో మూడో వంతుకి పైగా పోయినట్టే.

డబ్బు పంపేటప్పుడు

ఇండియాలో నివాసం ఉండేవాళ్లు రిజర్వ్ బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపే) పథకం కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపవచ్చు. పైసా పైసా బ్యాంకు ద్వారానే వెళ్లాలి. ఏడాదిలో పది లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. నలభై లక్షలు పంపితే ముప్ఫై లక్షల మీద ఆరు లక్షలు. అది రిటర్నులో సర్దుబాటవుతుంది, కానీ ఆ రోజుకి ఆ డబ్బు మీ దగ్గర ఉండాలి. ఇది తెలియక ఆఖరి వాయిదా దగ్గర చిక్కుకుని, ఏజెంటు చెప్పిన అడ్డదారి పట్టినవాళ్లు ఉన్నారు.

భార్య పేరున కొంత, కొడుకు పేరున కొంత పంపి కలిపి కొంటున్నారా? పంపిన ప్రతివాళ్ల పేరూ ఆస్తి కాగితంలో ఉండాలి. తిరిగి అదే మాట: మీ పేరు లేని కాగితానికి మీ డబ్బు కట్టకండి. మీ ఇంటావిడ పేరు లేని కాగితానికి ఆవిడ డబ్బూ కట్టకండి.

హుండీ వద్దు. "ఇక్కడ క్యాష్ ఇవ్వండి, అక్కడ దిర్హమ్‌లు కట్టేస్తాం" అన్నవాడితో మాట అక్కడితో ఆపేయండి. ఫెమా అనే విదేశీ మారకద్రవ్య చట్టానికి అది విరుద్ధం. పైగా ఆ ఆస్తి మీ డబ్బుతో కొన్నదని ఏ కోర్టులోనూ చూపించలేరు.

అప్పు తెచ్చి పంపొద్దు. ఇలాంటి పెట్టుబడికి బ్యాంకులు అప్పివ్వకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. బంగారం తాకట్టు డబ్బు, పొలం అమ్మకం అడ్వాన్సు వీటికి వాడొద్దు.

క్రెడిట్ కార్డుతో బుకింగ్ చేయొద్దు.

ఎగ్జిబిషన్ హాల్లో టోకెన్ అడ్వాన్సు ఇవ్వొద్దు. "ఈ రేటు ఈరోజుకే" అంటే వెంటనే లేచి వచ్చేయండి.

ఏజెంటు పెట్టిన లాయరు మీ లాయరు కాదు. ఆ దేశంలో లాయరుని మీ డబ్బుతో మీరే పెట్టుకోండి.

మీకు చదవడం రాని భాషలో ఉన్న అగ్రిమెంటు మీద సంతకం పెట్టొద్దు. ఇంగ్లీషు కాపీ ఇస్తే, రెండింట్లో తేడా వస్తే ఏది చెల్లుతుందో అందులో రాసి ఉందా చూడండి.

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వొద్దు. ఇవ్వక తప్పకపోతే ఆ ఒక్క ఫ్లాటుకి, ఆ ఒక్క పనికి, తేదీ వేసి ఇవ్వండి. అమ్మే అధికారం అందులో రాయకండి.

అద్దె వసూలు చేసే ఏజెన్సీ డబ్బు వాళ్ల ఖాతాలో ఉంచుకోకూడదు. మీ ఖాతాకి నేరుగా రావాలి.

ఎన్నారైగా ఉన్నప్పుడు అక్కడి సంపాదనతో కొన్న ఆస్తిని తిరిగొచ్చాక కూడా ఉంచుకోవచ్చు. కానీ రెసిడెంటు అయ్యి, ఆర్డినరీ రెసిడెంటు (పన్ను లెక్కలో పూర్తి నివాసి) హోదాకి వచ్చిన ఏడాది నుంచి దాన్ని రిటర్నులో షెడ్యూల్ ఎఫ్ఏలో (విదేశీ ఆస్తుల పట్టికలో) చూపించాలి. చూపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద పది లక్షల జరిమానా పడవచ్చు. అక్కడి అద్దె ఇక్కడి ఆదాయంలో కలుస్తుంది. విదేశీ ఆస్తి చూపే చోటు లేని ఐటీఆర్-1 ఫారం వేసి చేతులు దులుపుకోవద్దు.

విల్లు రాయండి. ఆ దేశంలో చెల్లేలా రాయించండి. ఇంట్లోవాళ్లకి కాగితాలు ఎక్కడున్నాయో చెప్పండి, ఏజెంటుకి మాత్రమే తెలిసిన ఆస్తి మీ పిల్లలకి దక్కదు.

మేనమామ కొడుకు దుబాయ్‌లో ఉన్నాడని అతని పేరు మీద కొనొద్దు. అతను ఎంత మంచివాడైనా సరే. అతనికి అప్పులుండవచ్చు, యాక్సిడెంటు కావచ్చు, అతని భార్యాపిల్లలకి మీ సంగతే తెలియకపోవచ్చు. మీ పేరు లేని కాగితానికి మీ డబ్బు కట్టకండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ఈ రాత్రే కూర్చోండి. ఏజెంటుతో నడిచిన వాట్సాప్ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కి పంపుకోండి. బ్యాంకు స్లిప్పులు రంగు వెలిసేలోపు ఫోటో తీయండి. ఆ దేశపు రిజిస్ట్రీలో ఆస్తి ఎవరి పేరున ఉందో అక్కడి లాయరుతో చూపించండి. మీ పేరు లేదని తేలితే తర్వాతి వాయిదా ఆపండి. వాయిదా ఆపితే కట్టింది కూడా పోతుందని ఏజెంటు బెదిరిస్తే, ఆ షరతు అగ్రిమెంటులో ఎక్కడుందో పేజీ నంబరుతో సహా రాసి పంపమనండి. రివైజ్డ్ (సవరించిన) రిటర్ను గడువు ఇంకా ఉంటే, విదేశీ ఆస్తి చూపించని పాత రిటర్ను పట్టుకుని మీ ఆడిటర్ దగ్గరికి ఈ వారంలోనే వెళ్లండి.