కీమోలో నోటి పూత, విరేచనాలు: జాగ్రత్త మందు ఎక్కే రోజు నుంచే

నోరు పూసిందని గమనించేసరికి కీమో (క్యాన్సర్ మందు) ఎక్కి సాధారణంగా 5-7 రోజులవుతుంది. దెబ్బ మాత్రం మొదటి రోజే పడుతుంది. 5-ఫ్లోరోయురాసిల్, మెథోట్రెక్సేట్, డాక్సోరుబిసిన్, ఇరినోటికాన్ లాంటి మందుల వల్ల కణాల్లో చురుకైన ఆక్సిజన్ అణువులు పెరిగి డీఎన్ఏనూ, కణపు పొరలనూ దెబ్బతీస్తాయి. ఆ వెంటనే ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్ మేల్కొని వాపు పుట్టించే టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటివాటిని విడుదల చేయిస్తుంది. అవి తిరిగి అదే ప్రొటీన్‌ను రెచ్చగొడతాయి. పేగు లోపలి పొర మామూలుగా 3-5 రోజులకోసారి కొత్తదవుతుంది. అడుగునున్న మూలకణాలు చచ్చిపోతే, పైన రాలిన కణాల చోటు నిండదు, పుండు పడుతుంది.

అయితే ఆ ఆక్సిజన్ అణువులను అణిచే యాంటీఆక్సిడెంట్ మాత్రలు మింగితే సరిపోదా? వద్దు. ఎక్కువ మోతాదులో విటమిన్ సి, ఇ మాత్రలు కీమో పనికే అడ్డుపడవచ్చు. పండ్లు, కూరల్లో ఉన్నవి చాలు.

5-ఫ్లోరోయురాసిల్‌ను నరంలోకి ఒక్కసారిగా ఇచ్చేటప్పుడు మంచు ముక్కలు బాగా పనిచేస్తాయి. కాచి చల్లార్చిన నీళ్లతో ఐస్ చేసుకోండి. మందుకు 5 నిమిషాల ముందు మొదలుపెట్టి, మొత్తం 30 నిమిషాలు నోరంతా తిప్పుతూ చప్పరించాలి. రక్తనాళాలు ముడుచుకుని నోటికి మందు తక్కువగా చేరుతుంది. పంపుతో రెండు రోజులు ఎక్కే మందుకు ఇది పనికిరాదు. అదే రోజు ఆక్సాలిప్లాటిన్ కూడా ఉంటే ఐస్ ముట్టవద్దు: చలికి గొంతు పట్టేసినట్టయి, నోరు, వేళ్లు జివ్వుమంటాయి.

లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకు 4-6 సార్లు పుక్కిలించి ఉమ్మేయండి. రోజూ కొత్తగా కలపాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ మంట పెంచుతుంది. మెత్తటి బ్రష్ వాడండి, కట్టుడు పళ్లు రాత్రి తీసేయండి. పచ్చళ్లు, పులుసు, మురుకులు మానేసి గోరువెచ్చని జావ, మెత్తటి పప్పన్నం పెట్టండి. నాలుక మీద తెల్లటి పొర కడితే అది ఫంగస్ కావచ్చు. దానికి వేరే మందు కావాలి.

విరేచనాలు పట్టుకుంటే ముందు పాలు ఆపండి. దెబ్బతిన్న పేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ తగ్గి, పాలలోని చక్కెర అరగక విరేచనం పెరుగుతుంది. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్‌ను పూర్తిగా ఒక లీటరులో కలపాలి. సగం ప్యాకెట్, అందాజు నీళ్లు పనికిరావు. ఇరినోటికాన్ ఎక్కించుకున్నవాళ్లు డాక్టరు రాసిచ్చిన లోపెరమైడ్‌ను (విరేచనాలు ఆపే మందు) ఇంట్లో సిద్ధంగా ఉంచుకోవాలి. మందు ఎక్కిన 24 గంటల్లోపే చెమటలు, నోట్లో నీళ్లూరడంతో వచ్చే విరేచనాలు వేరే రకం. వాటికి ఆసుపత్రిలో అట్రోపిన్ ఇస్తారు.

మామూలుకంటే రోజుకు 4 సార్లు ఎక్కువ వెళ్తుంటే అదే రోజు ఫోన్ చేయండి. మలంలో రక్తం పడినా, మంచినీళ్లు కూడా మింగలేకపోయినా, జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకినా, అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. తెల్లకణాలు తగ్గిన సమయంలో పుండు నుంచి సూక్ష్మజీవులు రక్తంలోకి చేరవచ్చు. థర్మామీటరు చూడకుండా పారాసెటమాల్ వేస్తే ఆ జ్వరం కనబడకుండా పోతుంది.

పూత ఎన్నాళ్లుందో, రోజుకు ఎన్ని విరేచనాలయ్యాయో రాసిపెట్టి తర్వాతి సైకిల్‌కు (కీమో విడతకు) ముందే డాక్టరుకు చూపించండి. మోతాదు తగ్గించాలా, వాయిదా వేయాలా అన్నది ఆ లెక్క చూసే తేలుస్తారు.