మైక్రో పేపర్ గట్టెక్కాలంటే, ఆ మాస్టారిని తూచాలంటే

ఎం.ఏ. ఎకనామిక్స్ మొదటి సెమిస్టర్‌లో పిల్లల్ని ఏడిపించేది మైక్రో ఎకనామిక్స్ (సూక్ష్మ అర్థశాస్త్రం) పేపర్. తెలుగు మాధ్యమంలో బీఏ చదివి నేనూ ఆ క్లాసులో కూర్చున్నదాన్నే. ఇప్పుడు అదే పేపర్ చెబుతున్నాను. విద్యార్థి కంగారూ తెలుసు, జవాబు పత్రాలు దిద్దేవారి విసుగూ తెలుసు.

ముందు లెక్కల సంగతి. డిగ్రీలో గణితం లేనివాళ్ళు లావుపాటి కలన గణితం (కాల్కులస్) పుస్తకం కొని మొదటి పేజీ నుంచి మొదలుపెడతారు. తొలి అధ్యాయాలు దాటకముందే ఇంటర్నల్ పరీక్ష వచ్చేస్తుంది. అంత అక్కర్లేదు. అవకలనం (డిఫరెన్షియేషన్), పాక్షిక అవకలనం, పరిమితికి లోబడి గరిష్ఠం కనుక్కునే లగ్రాంజ్ గుణకం: మొదటి నెలకు ఈ మూడు చాలు. సమాకలనంతో (ఇంటిగ్రేషన్) పని వినియోగదారుని మిగులు (ఇవ్వడానికి సిద్ధపడిన ధరకూ నిజంగా ఇచ్చిన ధరకూ తేడా) దగ్గర పడుతుంది, అప్పుడు చూసుకోవచ్చు.

భావం అందకపోతే తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకం తీయండి. పీజీలో చేరాక డిగ్రీ పుస్తకం పట్టుకోవడం నామోషీ అనుకునేవాళ్ళను చూశాను. ఆ నామోషీకి జరిమానా మార్కుల్లో కట్టాలి.

ఇక అసలు పని. క్లాసులో చెప్పిన ప్రతి సిద్ధాంతాన్నీ అంకెలు వేసి ఒకసారి చేత్తో చేయాలి. ధర మారితే కొనుగోలు ఎందుకు మారిందో రెండు ముక్కలుగా విడదీసి చూపే స్లట్‌స్కీ సమీకరణమే తీసుకోండి. స్లట్‌స్కీ అనే ఆర్థికవేత్త 1915లో దాన్ని ఇటలీ పత్రికలో ప్రచురిస్తే దాదాపు రెండు దశాబ్దాలు ఆర్థికవేత్తలే పెద్దగా పట్టించుకోలేదు. కాబట్టి మొదటిసారి మీ తలకెక్కకపోతే దిగులుపడకండి. సమీకరణాన్ని పక్కన పెట్టి క్యాంటీన్‌కు రండి. మీ దగ్గర 200 రూపాయలున్నాయి. టీ 10, సమోసా 20. టీల సంఖ్యను సమోసాల సంఖ్యతో గుణిస్తే వచ్చేదే మీ ప్రయోజనం, అంటే తృప్తి, అనుకోండి. ఇలాంటి ప్రయోజన ఫలం (యుటిలిటీ ఫంక్షన్) ఉన్నవాళ్ళు డబ్బును రెండింటికీ చెరిసగం పెడతారు: 10 టీలు, 5 సమోసాలు. (వారానికి లెండి, ఒక్క పూటకు కాదు.) టీ ధర 20 అయింది. ఇప్పుడు వచ్చేవి 5 టీలు, 5 సమోసాలు. తగ్గిన 5 టీలలో ధరల పోలిక మారినందుకు ఎన్ని, జేబు చిక్కిపోయినందుకు ఎన్ని? మునుపటి 10 టీలు, 5 సమోసాలే కొత్త ధరలకు కొనాలంటే 300 రూపాయలు కావాలి. ఆ 300 మీ చేతిలో పెడితే సగం, అంటే 150తో 7.5 టీలు తాగుతారు. 10 నుంచి 7.5కు పడింది ప్రత్యామ్నాయ ప్రభావం. 7.5 నుంచి 5కు పడింది ఆదాయ ప్రభావం. అర టీ ఎవరు పోస్తారని అడగకండి, ఆర్థికశాస్త్రంలో పోస్తారు.

ఇదే లెక్కను హిక్స్ అనే మరో ఆర్థికవేత్త పద్ధతిలో, పాత తృప్తి స్థాయిని నిలబెడుతూ చేయండి. 300 బదులు సుమారు 283 రూపాయలు రావాలి. ఎందుకు తగ్గిందో పుస్తకం మూసి పక్కవాళ్ళకు చెప్పగలిగితే ఆ అధ్యాయం మీ చేతికి వచ్చినట్టే.

పాత ప్రశ్నపత్రాలు సంపాదించి గడియారం ముందు పెట్టుకుని రాయండి. అక్షాలకు పేర్లు లేని బొమ్మకు నేనైతే మార్కు వేయను.

ఇక ఈ పేపర్ చెప్పే మాస్టారు మంచివారో కాదో తూచే సంగతికి వద్దాం. కష్టమైన పేపర్ ఇచ్చేవారంతా చెడ్డవారు కారు, దోసిళ్ళతో మార్కులు పోసేవారంతా మంచివారూ కారు. దీన్ని ఆర్థికవేత్తలే పరీక్షించి చూశారు. అమెరికా వైమానిక దళ అకాడమీలో ఏ విద్యార్థి ఏ అధ్యాపకుడి దగ్గరకు వెళ్ళాలో లాటరీ తరహాలో నిర్ణయమవుతుంది, పరీక్ష మాత్రం అందరికీ ఒకటే. కారెల్, వెస్ట్ అనే ఇద్దరు అక్కడి కలన గణితం తరగతులను పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించారు. ఆ కోర్సులో విద్యార్థులకు ఎక్కువ మార్కులు వచ్చేలా చేసి, వాళ్ళ చేత మంచి రేటింగ్ కూడా వేయించుకున్న అధ్యాపకుల శిష్యులు సగటున తర్వాతి కోర్సుల్లో వెనకబడ్డారు. అందుకే, ఒక మాస్టారి గురించి ఆ పేపర్ ఇప్పుడు చదువుతున్నవాళ్ళను అడగకండి. అది దాటి పై సెమిస్టర్‌లో కూర్చున్నవాళ్ళను అడగండి.

తప్పు చూపించినప్పుడు ఆయన ఎలా స్పందిస్తారన్నది నా దృష్టిలో ఇంకా గట్టి కొలత. షికాగోలో జేకబ్ వైనర్ అనే ప్రొఫెసర్ ఉండేవాడు, క్లాసులో విద్యార్థుల్ని వణికిస్తాడని పేరు. 1931 నాటి వ్యాసం కోసం ఆయన ఒక బొమ్మ గీయమన్నాడు: దీర్ఘకాల సగటు వ్యయ రేఖ అన్ని స్వల్పకాల రేఖల కనిష్ఠ బిందువుల గుండా పోవాలి, ఏ రేఖనూ దాటి పైకి వెళ్ళకూడదు. బొమ్మ గీసే వాంగ్‌కు గణితం తెలుసు, కుదరదన్నాడు. వైనర్ ఒప్పుకోలేదు కానీ ఆ అభ్యంతరాన్ని వ్యాసంలోనే నమోదు చేశాడు. 1950లో తన తప్పు ఒప్పుకుంటూ ఒక వివరణ జోడించాడు. బొమ్మను మాత్రం దిద్దలేదు, తర్వాత వచ్చే విద్యార్థులకూ తప్పు పట్టే సరదా దక్కాలన్నాడు! అంతటి కఠినుడి దగ్గరైనా కూర్చోవచ్చు. బోర్డు మీద ప్లస్, మైనస్ గుర్తు తప్పు పడిందని చెబితే ముఖం మాడ్చుకునే మెతక మనిషి దగ్గర కష్టం.

సీనియర్లను ఇంకా అడగాల్సినవి: దిద్దిన ఇంటర్నల్ పత్రాలు తిరిగి చేతికిచ్చారా? బోర్డు మీద చేసిన లెక్కలకూ ప్రశ్నపత్రానికీ ఎంత దూరం? గదికి వెళ్ళి అర్థం కాలేదంటే "ఎక్కడ ఆగిపోయావు?" అన్నారా, "క్లాసులో ఏం చేస్తున్నావు?" అన్నారా?

సెమిస్టర్ చివర ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తారు. "బాగా చెప్పరు" అని రాస్తే నాలాంటివాళ్ళం రెండు రోజులు బాధపడి, మళ్ళీ అలాగే చెబుతాం. "సాధారణ సమతౌల్యం అధ్యాయానికి ఒక్క వారమే ఇచ్చి, పరీక్షలో దాని నుంచి రెండు పెద్ద ప్రశ్నలు అడిగారు" అని రాయండి.