చెరువు నీళ్ళు తగువు లేకుండా పంచుకోవడం ఎలా?

మా రాజాం వైపు ఉభాలు, అంటే వరి నాట్లు, మొదలయ్యాయంటే మదుము (చెరువు తూము) దగ్గర కేకలూ మొదలవుతాయి. వానలు బాగా పడిన ఏడు ఎవరికీ పట్టదు. సెప్టెంబరులో పది రోజులు చినుకు లేకపోతే అన్నదమ్ములకే పడదు. అందుకని ఏర్పాట్లన్నీ మే నెలలో, చెరువు ఎండి బుర్రలు చల్లగా ఉన్నప్పుడే చేసుకోవాలి.

ముందు ఆయకట్టు జాబితా రాయండి. పాస్ పుస్తకం ఎవరి పేరునుందో కాదు, ఈ ఏడు సాగు ఎవరిదో చూడండి. భూమి గలాయన విశాఖలో ఉంటాడు, అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని నీళ్ళు కట్టేది కౌలు రైతు. చెరువులో చేపలు వేలంపాటలో పాడుకున్నవాళ్ళనీ పిలవండి. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘం మీ చెరువుకి ఉంటే తీర్మానం దాని పుస్తకంలో ఎక్కించండి. మదుము రాతి మీద ఎర్ర పెయింటుతో ఒక గీత గీయండి. నీళ్ళు ఆ గీత దిగిన రోజు నుంచి వంతులు.

చాలా ఊళ్ళు దెబ్బతినేది వంతుల లెక్క దగ్గరే. ఎకరానికి ఇన్ని గంటలు అనుకుంటే చాలదు. మదుము తీశాక ఎండిన కాలవ ముందు తను తాగుతుంది. చివరి మడికి చేరేసరికి రెండు గంటలు పట్టిందనుకోండి, అవి చివరి రైతు వంతులోంచి కోస్తే అతనికి మిగిలేది బురదే. ఒకరోజు గడియారం పెట్టుకుని నీళ్ళతో పాటు కాలవ వెంట నడవండి. ఎక్కడికి ఎంతసేపట్లో చేరాయో రాసుకోండి. ఆ నడక సమయం ఉమ్మడి ఖాతాలో వేసి, మిగిలింది పంచండి. వంతు కింద నుంచి మొదలుపెట్టండి. చివరి మడులు తడిస్తేనే తమ వంతు వస్తుందని తెలిస్తే, పై రైతులే పారలు పట్టుకుని పూడిక తీయడానికి దిగుతారు.

కాపలాకి ఒక మనిషి కావాలి. కోతలయ్యాక ఎకరానికి ఇన్ని కుంచాల ధాన్యమని మాట్లాడుకోండి. నన్నడిగితే చివరి మడి రైతునే పెట్టమంటాను. నీళ్ళు తన దాకా రాకపోతే అతనికి నిద్ర పట్టదు. రాత్రి గండి పెట్టి తెల్లారేలోపు పూడ్చేసినా, ఎండిన గట్టు మీద తడి మట్టి ముద్ద నల్లగా కనిపిస్తూనే ఉంటుంది.

జరిమానా చిన్నదే పెట్టండి. మేం మొదట వెయ్యి రూపాయలని రాసుకున్నాం. తొలిసారి దొరికింది ఊరి పెద్దాయన వియ్యంకుడు. వెయ్యి అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. మరుసటి ఏడు యాభైకి దించితే గలగలా వసూలైంది. రెండోసారికి రెండొందలు, మూడోసారికి ఒక వంతు కోత. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ కూడా, ఉమ్మడి ఏర్పాట్లు తరాల తరబడి నిలిచిన చోట్ల శిక్ష చిన్నగా మొదలై పెరుగుతుందని గమనించారు. మాకు ఆ సంగతి తర్వాత తెలిసింది.

తగువొస్తే ఆ సాయంత్రమే తేల్చండి. స్పెయిన్‌లోని వలెన్సియాలో రైతుల నీటి పంచాయితీ ప్రతి గురువారం పెద్ద చర్చి గుమ్మం దగ్గర, కాగితాలు లేకుండా నోటిమాటతోనే నడుస్తుంది. మనకి గట్టు మీద రావిచెట్టు ఉంది. మండలాఫీసు చుట్టూ తిరిగేలోపు చేను ఎండిపోతుంది.

వసూలైన డబ్బు పూడిక తీసే రోజు టీలకి, బజ్జీలకి ఖర్చు పెట్టేయండి. గండి పెట్టినాయన కూడా వచ్చి తింటాడు.